నలుగురు నాయకులు, ఒక మెంబరు

ఫిబ్రవరి 7, 1937. ఆదివారం

సంఘం సమావేశాల సంగతులు రాయడానికి మినిట్సు పుస్తకం ఉంది. అందులో రాయడానికి వీల్లేనివి ఎక్కువైపోతున్నాయి కాబట్టి ఈ నోటుపుస్తకం మొదలుపెడుతున్నాను. దీన్ని కలప డిపోలో నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేస్తాను. వెంకమ్మ కంట పడకూడదు.

ఈరోజు మా కోంటా ఊరి ఛాయాచిత్ర సంఘం నూట ఒకటో సమావేశం. ఎప్పటిలాగే రామక్క పూటకూళ్ళ ఇంటి అరుగు మీద. అధ్యక్షులు రామనర్సయ్యగారు, ఉపాధ్యక్షుడు ఎర్రయ్య, చీకటిగది అధికారిణి రామక్క, కార్యదర్శినైన నేను హాజరు. ఫోటో ఒకటి తీస్తే బాగుంటుందని ఎర్రయ్య ప్రతిపాదించాడు. వెలుతురు బాగాలేదని నేను చెప్పాను. వాయిదా వేశాం.

అరుగు పక్కన రామక్క ఆరబెట్టిన అప్పడాలు మధ్యాహ్నానికే పెళపెళలాడాయి. అయినా ఫోటో వెలుతురు వేరు, అప్పడాల వెలుతురు వేరు. రాజమండ్రి స్టూడియోలో మూడేళ్ళు పనిచేసినవాణ్ణి, ఆ తేడా నాకు తెలుసు.

ఫిబ్రవరి 9

రాజధాని జగదల్‌పూర్ నుంచి తహసీలు కచేరీకి హుకుం వచ్చింది. చప్రాసీ డిపోకి వచ్చి నా చేతికిచ్చాడు. హిందీలో ఉంది. రెండుసార్లు చదివాను, రెండోసారి ఇంకా అధ్వాన్నంగా ఉంది.

ఏప్రిల్‌లో అక్కడ ఫోటోల ప్రదర్శన జరుగుతుందట. మన దగ్గరున్న డబ్బా కెమెరా, బదిలీ అయి వెళ్ళిపోయిన ఫారెస్టు దొర ఇచ్చిపోయినది, నిజానికి సర్కారు సొత్తట. అది మా దగ్గరే ఉండాలంటే మార్చి ఇరవైలోగా నాలుగు పంపాలి. నాయకుల పేర్లు, వాళ్ళ పూర్వానుభవం. సాధారణ సభ్యుల సంఖ్య. ఆ సభ్యులే ఈ నాయకులను ఎన్నుకున్నట్టు నిశానీ. సంఘం తీసిన ఫోటో ఒకటి.

సాధారణ సభ్యులు!

మా సంఘంలో ఉన్నది నలుగురం. నలుగురమూ నాయకులమే. ఈ లోటు రెండేళ్ళుగా ఎవరికీ తట్టలేదు.

ఫిబ్రవరి 14. ఆదివారం

నూట రెండో సమావేశం. పూర్వానుభవాలు రాసుకున్నాం. మినిట్సులో ఎక్కించినవి ఇవీ:

రామనర్సయ్యగారు: విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఎనిమిదేళ్ళు, మనిషి ఒంటి లోపలి ఫోటోలు తీసే యంత్రం దగ్గర బాధ్యతాయుతమైన ఉద్యోగం. "పైపైన తీసేవాళ్ళు బోలెడుమంది ఉంటారోయ్ రాఘవులూ. నేను ఎముకలు చూసినవాణ్ణి," అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఎర్రయ్య తన పక్కటెముకలు తడుముకుంటాడు.

ఎర్రయ్య: ఇప్పుడు సంతలో కుట్టుమిషను. పూర్వం నాటకాల కంపెనీలో ఆడవేషాలు. ద్రౌపదిగా ఫోటో దిగిన అనుభవం. కెమెరాకు ఎదురుగా నిలబడ్డవాడికే అందులోని మర్మం తెలుస్తుందని అతని వాదన.

రామక్క: "నాకేం తెల్వదు. మీరు అర్ర అడిగిన్రు, ఇచ్చిన. చింతపండు బుట్టలు బయట పెట్టుకున్న. గంతే రాయి తమ్ముడూ," అంది. అలా రాస్తే బాగుండదని 'చీకటిగది నిర్వహణలో నిపుణురాలు' అని రాశాను.

నేను: రాజమండ్రిలో రెండేళ్ళ పైచిలుకు స్టూడియో అనుభవం.

ఫిబ్రవరి 17

మెంబర్ల కోసం వెతుకుతున్నాను. పోస్టుమాస్టరు, నాయకుడిగా అయితే చేరతానన్నాడు. పడవ కాంట్రాక్టరూ అదే మాట. ఈ ఊళ్ళో కింద ఉండటానికి ఒక్కడూ సిద్ధంగా లేడు.

వెంకమ్మను అడిగాను.

"ఏందయ్యా, రెండేండ్ల సంది ఆదివారం ఆదివారం పోతవు. ఒక్క ఫోటో తెచ్చినవా ఇంటికి? నేను చేరి ఏం జెయ్యాలె, మీ నలుగురి మొకాలు చూడాల్నా?" అంది.

ఫోటో అంటే కూర వండినంత తేలిక అనుకుంటుంది.

ఫిబ్రవరి 21. ఆదివారం

మెంబరు దొరికాడు!

రామక్క ఇంటికి అన్నానికి వచ్చాడు. పేరు ఉంగ. భేజ్జి నుంచి కావడిలో చింతపండు తెచ్చి సంతలో అమ్ముకున్నాడు. దోర్ల తెగవాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. తెలుగు బాగానే మాట్లాడతాడు. రామక్క వడ్డిస్తూ మా కష్టం చెప్పిందట. చేయి కడుక్కుని అరుగు మీదికి వచ్చాడు.

"మెంబరు అంటే ఏంది బాబు?"

"సంఘంలో మనిషి. నాయకులు చెప్పింది వినాలి," అన్నారు రామనర్సయ్యగారు.

"మీరెందరు నాయకులు?"

"నలుగురం."

"వినేటోళ్ళు?"

"నువ్వే."

ఉంగ మా నలుగురినీ వరసగా చూశాడు. "చేరితే ఫోటో తీస్తరా?"

నేను దగ్గాను. తీస్తామని ఎర్రయ్య చెప్పేశాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఉంగ తల్లి ముయె భేజ్జిలో ఉంటుంది. పెద్దమ్మ ఇర్మెను దోర్నపాల్‌లో ఇచ్చారు. అక్కచెల్లెళ్ళిద్దరికీ నలభై ఏళ్ళుగా ఒకటే తగాదా. చనిపోయిన వాళ్ళ నాయన ముక్కు తనకే వచ్చిందని ఈమె, కాదు తనకేనని ఆమె. పెళ్ళిళ్ళలో అదే గొడవ, చావుల్లో అదే గొడవ. పోయినేడు పండుగలో ఒకరి ముక్కు ఒకరు పట్టుకుని లాగారట. మూడు ఊళ్ళ వాళ్ళు విడదీయాల్సి వచ్చింది.

"ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీస్తే తేలిపోతది గద బాబు. మా ఇంట్ల సల్లగుంటది," అన్నాడు ఉంగ.

ముక్కు ఎవరిదో తేలాలంటే తాత ముక్కు కూడా కావాలి కదా అని నాకు తోచింది. చెప్పలేదు. అప్పటికే వేలిముద్ర వేసేశాడు.

ఫిబ్రవరి 22

మెంబరు ఉన్న సంఘానికి కార్యదర్శిగా ఇది నా మొదటి రోజు. డిపోలో దుంగలకు నంబర్లు వేస్తుంటే రెండుసార్లు తప్పు పడింది.

ఫిబ్రవరి 28. ఆదివారం

ఎన్నిక జరగలేదు. జరగకపోవడానికి కారణం మెంబరు.

రామనర్సయ్యగారు కండువా వేసుకుని వచ్చారు. ఎర్రయ్య పౌడరు రాసుకున్నాడు. నలుగురి పేర్లూ చదివి, అందరికీ సమ్మతమేనా అని ఉంగను అడిగాను. తలూపితే అయిపోయేది.

"ఆగు బాబు. ఎవలెవలు ఏంది అని తెల్వాలె గద," అన్నాడు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నువ్వు చెప్పు పెద్దయ్యా. ఎన్ని ఫోటోలు తీసినవు?"

రామనర్సయ్యగారు ఎముకల సంగతి ఎత్తుకున్నారు. ఉంగ చాలా శ్రద్ధగా విన్నాడు. ఎముకలు ఏ రంగులో ఉంటాయని అడిగాడు, ముక్కులో ఎముక ఉంటుందా అని అడిగాడు. చివరికి మళ్ళీ, "యంత్రం మీట నొక్కేది నువ్వేనా?" అన్నాడు.

"మీట డాక్టరుగారు నొక్కుతారు."

"మరి నువ్వు?"

రామనర్సయ్యగారు కండువా సర్దుకున్నారు. "నేను 'ఊపిరి బిగబట్టు' అని చెప్పేవాణ్ణి."

"ఎనిమిదేండ్లు?"

"ఎనిమిదేళ్ళు. తెలుగులోనూ ఒరియాలోనూ."

ఎర్రయ్య తన పక్కటెముకల మీంచి చేయి తీసేశాడు. ఉంగ మాత్రం మంచి పనేనన్నట్టు తలూపి ఎర్రయ్య వైపు తిరిగాడు. ద్రౌపది ఫోటో చూపించమన్నాడు. ఎర్రయ్య జేబులో ఎప్పుడూ ఉంచుకునే అట్టముక్క తీశాడు. రెండేళ్ళుగా ఆ ఫోటో గురించి వింటున్నాం గాని చూడటం ఇదే మొదలు. కంపెనీ వాళ్ళు పద్దెనిమిదిమంది ఉన్నారు. కుడి చివర ఒక చీర భుజం ఉంది.

"ఇది నేనే," అన్నాడు ఎర్రయ్య భుజం మీద వేలు పెట్టి. "ఫోటో తీసేటాయన ఇంకొంచెం అటు జరిగితే మొత్తం పడేదాన్ని." పాతవేషం గుర్తొస్తే వాడికి ఇలా మాట తారుమారవుతుంది.

రామక్కను అడిగితే తెల్వదంది.

నన్ను అడిగాడు. "రాజమండ్రిలో ఒక ఏడాది," అన్నాను.

"ఏడాదిల ఎన్ని తీసినవు?"

వెలుతురు పోతోంది, వచ్చే ఆదివారం మాట్లాడదాం అన్నాను. అప్పుడు పొద్దు నడినెత్తిన ఉంది. రామక్క నా వైపు చూసి అప్పడాలు తిరగేసింది.

మార్చి 3

వెంకమ్మ అడిగింది, ఏమైంది రెండు ముద్దలకే లేస్తున్నావని. డిపోలో పని ఎక్కువగా ఉందన్నాను.

నేను స్టూడియోలో ఉన్న ఆ వేసవి రాజమండ్రిలో ఎండలు చాలా ఎక్కువ.

మార్చి 7. ఆదివారం

ఎన్నిక జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు. మినిట్సులో ఇంకా రాయలేదు.

ఉంగ వచ్చి నీళ్ళు తాగి కూర్చున్నాడు. వారమంతా పొలంలో ఆలోచించానన్నాడు.

"కాయితం మీద ఏముంది బాబు? మెంబరు ఎవల్ని అంటే వాళ్ళే నాయకుడు. గదేనా?"

"అదే."

"మెంబరు తన పేరే చెప్పుకోవచ్చునా?"

నేను హుకుం తీసి మళ్ళీ చదివాను. కూడదని ఎక్కడా లేదు.

"అయితే నేనే నాయకుణ్ణి," అన్నాడు ఉంగ. "మీరు నలుగురు మెంబర్లు. మంచిగుంటరు."

రామనర్సయ్యగారు లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ లేచారు. "ఏమోయ్ రాఘవులూ, ఇది చెల్లుతుందా?" అని నా మీద పడ్డారు. చెల్లుతుందండీ అన్నాను. ఆయన కండువా తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎర్రయ్యకు మాత్రం నవ్వు ఆగలేదు. రామక్క లోపలినుంచి, "బతికిన తల్లీ, ఇగ నేను నిపుణురాలిని కాను," అంది.

కొత్త అధ్యక్షుడు మొదటి హుకుం ఇచ్చాడు. "వచ్చే ఆదివారం మా అమ్మనూ పెద్దమ్మనూ తీసుకొస్తా. రాఘవులు బాబు ఫోటో తీస్తడు."

అధ్యక్షుడి పూర్వానుభవం రాయాలి కదా అని అడిగాను. చెప్పినదాన్ని చెప్పినట్టు రాసుకున్నాను: 'ఉంగ, భేజ్జి. వరి, కొర్ర, చింతపండు. ఫోటో తీయలేదు. దిగలేదు.'

నా చేత్తో రాసిన పట్టీలో నిజమైన వాక్యం అదొక్కటే.

మార్చి 8

రాజమండ్రిలో పదకొండు రోజులు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. స్టూడియోలో వెనక గోడకు కట్టే తెర ఉండేది, మేడా మెట్లూ హంసా బొమ్మ వేసింది. దాన్ని దులపడం నా పని. పదకొండోరోజున ముందుగదిలో నేను తప్ప ఎవరూ లేరు. చీకటిగదిలోంచి యజమాని అన్నానికి పిలిచినట్టు వినిపించింది. తలుపు తీశాను. ఆయన పిలవలేదు. లోపల పెళ్ళివారి ఫోటోల గాజు పలకలు పన్నెండూ మందులో నానుతున్నాయి. ఎండ నేరుగా వెళ్ళి వాటి మీద పడింది, అన్నీ పాడైపోయాయి.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నా చేతిలోంచి తెర దులిపే ఈకల కట్ట తీసుకున్నాడు.

పెళ్ళివాళ్ళు వచ్చేదాకా నేను ఆ తెర వెనకే ఉన్నాను, ఎందుకున్నానో తెలియదు. పెళ్ళికూతురే వచ్చింది. వాళ్ళ నాన్నమ్మ పెళ్ళైన మూడోరోజే పోయిందట. "ఆవిడది ఒక్కటీ లేదా అండీ? పక్కన నిలబడిందైనా?" అని అడిగింది. ఒక్కటీ లేదని ఆయన చెప్పాడు. ఇంకోసారి అడిగింది. ఆ గొంతు పద్దెనిమిదేళ్ళుగా నా చెవిలో ఉంది.

ఫారెస్టు దొర కెమెరా ఇచ్చినప్పుడు అందరికంటే ముందు చేయి చాచింది నేనే. దాన్ని ముట్టుకోవాలని ఎంత ఆశో, మీట మీద వేలు పెట్టాలంటే అంత భయం. అందుకే కార్యదర్శినయ్యాను. కార్యదర్శి రాస్తాడు, తీయనక్కర్లేదు.

వెలుతురు ఎప్పుడూ బాగానే ఉంది.

మార్చి 10

రామక్కకు చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. మొత్తం విని, "గిదా? నేను ఇంకేందో అనుకున్న," అంది.

"ఏమనుకున్నావు?"

"జైలుకు పోయినవేమో అనుకున్న. మినిట్సుల గంత మంచిగ రాస్తుంటివి."

తర్వాత కత్తిపీట పక్కన పెట్టి, "తమ్ముడూ, ఆ అర్రకు లోపలినుంచి గడియ లేదు. ఎర్రయ్యను పిలిచి పెట్టించు," అంది. అంతే. మళ్ళీ వంకాయల పని చూసుకుంది.

మధ్యాహ్నం నుంచి ఆకలి వేస్తోంది.

మార్చి 14. ఆదివారం

ముయె, ఇర్మె వచ్చారు. ఇర్మె దోర్నపాల్ నుంచి మనవడి ఎడ్లబండిలో వచ్చింది. ముయె నడిచి వచ్చింది, చెల్లెలు నడిచి వచ్చిందని తెలియగానే ఇర్మె బండి దిగి కడపటి ఫర్లాంగు తనూ నడిచింది.

ఇద్దరివీ తెల్లటి తలలు, ఇద్దరి మెళ్ళోనూ పూసలు. వాళ్ళ ముక్కుల గురించి నేను ఏమీ రాయను. చాలా సేపు చూశాను. రామనర్సయ్యగారు పక్కకు పిలిచి, "లోపలి ఎముక చూడందే చెప్పలేమోయ్," అన్నారు.

ఎర్రయ్య వాళ్ళను నిలబెట్టే బాధ్యత తీసుకున్నాడు. గడ్డం ఎత్తమన్నాడు, చేయి ఇలా పెట్టమన్నాడు, తనే నిలబడి చూపించాడు. ముసలివాళ్ళిద్దరూ తమ దోర్లీ భాషలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వారు. ఏమన్నారని ఉంగను అడిగితే, "ఆయన ఎవల పెండ్లాం అని అడుగుతున్రు," అన్నాడు.

కెమెరాను పొట్టకు ఆనించుకుని పైనుంచి అద్దంలోకి చూశాను. అద్దంలో ఇద్దరూ గోరంత ఉన్నారు. రాజమండ్రి పెళ్ళికూతురి గొంతు మళ్ళీ వినిపించింది. మీట మీంచి వేలు తీసేశాను.

"ఊపిరి బిగబట్టు!" అని అరిచారు రామనర్సయ్యగారు. ఎనిమిదేళ్ళ గొంతు అది. ముయె, ఇర్మె, ఉంగ, ఎర్రయ్య, గుమ్మంలో రామక్క, రోడ్డు మీద పోతున్నవాళ్ళు, అందరూ బిగబట్టారు. నేనూ బిగబట్టాను. వేలు మళ్ళీ మీట మీదికి వెళ్ళింది.

సరిగ్గా ఆ క్షణంలో ముయె మూతి కదపకుండా ఏదో అంది. ఇర్మె గిర్రున తిరిగింది. ముయె కూడా తిరిగింది. నేను నొక్కాను.

మార్చి 15

డిపోకు సెలవు చీటీ పంపి రామక్క చింతపండు గదిలో కూర్చున్నాను. లాంతరుకు ఎర్రకాగితం చుట్టాను. తలుపుకు ఎర్రయ్య రెండు గడియలు పెట్టాడు. చాలక బయట తనే వీపు ఆనించి కూర్చున్నాడు.

రీలును మందులో అటూ ఇటూ ఆడిస్తుంటే మొదట ఏమీ లేదు. తర్వాత ఒక మచ్చ. తర్వాత రెండు.

బయట రామక్క ఎవరినో అన్నానికి పిలుస్తోంది. నేను కదల్లేదు.

మార్చి 16

నెగటివ్ కింద ఫోటో కాగితం పెట్టి ఎండకు చూపాను. ఫోటో వచ్చింది. ఇద్దరూ పక్కవాటంగా, ఒకరి ముక్కుకు ఒకరి ముక్కు ఆనించినంత దగ్గరగా, నోళ్ళు తెరిచి. వెనక సగం ఎర్రయ్య పడ్డాడు. ఇప్పుడు తన దగ్గర సగాలు రెండయ్యాయని సంతోషిస్తున్నాడు, రెండూ కుడివైపువే అయినా.

పూర్వానుభవాల పట్టీ కొట్టేసి మళ్ళీ రాశాను. మెంబర్లవి కూడా రాయమని అధ్యక్షుడి ఆజ్ఞ. 'రామనర్సయ్య: ఊపిరి బిగబట్టించుట. ఎర్రయ్య: భుజము. రామక్క: అర్ర ఇచ్చినది.' నాది రాసేటప్పుడు కలం ఆగింది గాని రాశాను: 'రాఘవులు: రాజమండ్రిలో పదకొండు రోజులు తెర దులుపుట, పన్నెండు పలకలు పాడుచేయుట.' రామనర్సయ్యగారు చదివి నా తర్వాత సంతకం పెట్టారు.

మార్చి 17

టపాలో వేశాను. ఉన్న ఒక్క ఫోటో అదే. నెగటివ్ మా దగ్గరుంది.

మార్చి 21. ఆదివారం

ముసలివాళ్ళు తీర్పు వినడానికి వచ్చారు. ఫోటో జగదల్‌పూర్ పోయిందంటే ఇర్మె నన్ను దొంగను చూసినట్టు చూసింది. నెగటివ్ తీసి ఎండకు పట్టి చూపించాను.

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. ముక్కుల మాట ఎవరూ ఎత్తలేదు. ముయె నా చేతిలోంచి దాన్ని తీసుకుని, ఎండలో పైకెత్తి, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నెగటివ్‌లో తెలుపు నలుపవుతుంది కదా. అక్కచెల్లెళ్ళిద్దరి తలలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"గీమె నేనే," అంది తెలుగులో, నాకు అర్థం కావాలని. "గప్పుడు నేను గిట్లనే ఉంటి."

ఇర్మె మెల్లగా చెల్లెలి జుట్టు మీద చేయి వేసి ఏదో అంది. ఉంగ చెప్పాడు: చిన్నప్పుడు అమ్మ జడ పెద్దమ్మే అల్లేదట. ఇద్దరూ చాలాసేపు ఆ నెగటివ్ ముక్కను పట్టుకుని కూర్చున్నారు. రామక్క తెచ్చిన అంబలి చల్లారిపోయింది.

"ముక్కు సంగతి తేలిందా అవ్వా?" అని ఎర్రయ్య అడిగాడు. అడగాల్సింది కాదు.

ముయె, ఇర్మె ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఫోటోలో ముక్కులు రెండూ అచ్చం ఒక్కలాగే ఉన్నాయనేది ఇద్దరికీ ఒప్పుదలే. ఎవరి ముక్కు ఎవరికి వచ్చిందనేది ఇప్పుడు తగాదా. వెళ్ళేటప్పుడు నెగటివ్ నాదంటే నాదని ఇద్దరూ పట్టుకున్నారు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లాక్కున్నాను. ఇంకొకటి తీస్తానని మాటిచ్చాను. ఎప్పుడని ఇర్మె అడిగింది.

ఇప్పుడే అన్నాను.

ఏప్రిల్ 13

జగదల్‌పూర్ నుంచి జవాబు వచ్చింది. ఫోటో ప్రదర్శనలో పెట్టారట. కింద హిందీలో ఒక వాక్యం ఉంది, తెలుగులో ఇలా వస్తుంది: 'ఇన్ని సంఘముల దరఖాస్తులలో ఇంత తక్కువ పూర్వానుభవము చూపిన సంఘము మరియొకటి లేదు. కెమెరా ఉంచుకొనవచ్చును.'

ఉంగకు కబురు పంపాను. వరి విత్తనాలు చూసుకోవాలి, పది రోజుల తర్వాత వస్తాను, ఈలోగా మెంబర్లు రోజుకొక ఫోటో తీయాలని తిరుగు కబురు వచ్చింది. రీలు అయిపోతుంది అని చెప్పి పంపాలి.

పొద్దున పెరట్లో వెంకమ్మ బట్టలు ఆరేస్తుంటే కెమెరాతో వెళ్ళాను. చూసి ఉలిక్కిపడి, తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"ఏందయ్యా, నీకు తీయొస్తదా?"

"కొంచెం."

"మరి రెండేండ్లు ఏం జేసినవ్?"

"అప్పుడు నాయకుణ్ణి," అన్నాను. "ఇప్పుడు మెంబర్ని. కొంచెం ఇటు తిరుగు."